వీధికి కరెంటిచ్చిన కంప్యూటర్

మామయ్య నోరు తెరిచాడంటే టీ కొట్టాయన స్టవ్వు మంట తగ్గించేస్తాడు. ఆ మాటల్లో పడితే పాలు పొంగిపోయినా చూసుకునే ధ్యాస ఉండదని ఆయనకు అనుభవం. ఆ మధ్యాహ్నం కూడా మంట తగ్గించే ఉంచాడు. ఎదురుగా కంప్యూటర్ సామాన్ల షాపు భోజనాల వేళకు షట్టరు దించుకుంది. అది లేచేదాకా కూర్చోవడానికి టీ కొట్టు ముందు బెంచీ తప్ప వేరే దిక్కు లేదు. బెంచీకి ఆ చివర అమ్మ, ఒడిలో డబ్బు సంచి. మధ్యలో మామయ్య, అమ్మకు సొంత తమ్ముడు. ఈ చివర అమ్మాయి. పార్సిల్ వ్యాను పక్కకు ఆపుకుని ఓ డ్రైవరు కూడా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ సంచిలో ఉన్నది అమ్మ బట్టలు కుట్టీ, అమ్మాయి బట్టల షాపు బిల్లింగు కౌంటర్లో కాళ్లు లాగేదాకా నిలబడీ కూడబెట్టింది. ఒకసారి ఖర్చయితే మళ్లీ అంత పోగయ్యేది ఎప్పటికో. అమ్మాయి ఫోన్లో గేములు ఆడుతూ, నోరు మూతపడకుండా కబుర్లు చెబుతూ లైవ్ పెడుతుంది. చూసేవాళ్లు బాగానే పెరిగారు. కానీ ఆట మంచి పట్టు మీద ఉండగా ఫోను వేడెక్కి ఆగిపోతుంది, వచ్చినవాళ్లు చల్లగా జారుకుంటారు. అందుకే ఈ కంప్యూటర్. అది గేమూ ఆడించాలి, అదే సమయంలో ఆటను జనానికీ చూపించాలి. ఉన్న డబ్బులో ఆ రెండు బరువులూ మోసే ప్రాసెసరు, తెర మీది బొమ్మను పరుగెత్తించే ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు, సరిపడా ర్యామ్, అన్నిటికన్నా ముందు నమ్మకమైన పవర్ సప్లై, ఇవన్నీ బిగించుకోవడానికి ఏ సోకూ లేని మామూలు రేకు డబ్బా. నెలల తరబడి చూసి, అడిగి, తేల్చుకుంది. ఇక అక్కణ్ణుంచి అంగుళం కదిలేది లేదు.

మామయ్య వచ్చిందే కదిలించడానికి. పైగా అమ్మకు తమ్ముడి మాటంటే వేదం.

“అక్కా, దీని మాట వినకు. పవర్ సప్లైలో ఏముందే? గోడలో ఉన్న కరెంటును లోపలికి తెచ్చే డబ్బా! దానికెవడైనా డబ్బు తగలేస్తాడా? ఉన్నవాటిల్లో చవకది చూసి పడేద్దాం. మిగిలిన దాంతో చుట్టూ అద్దాలు, లోపల రంగురంగుల లైట్లు ఉన్న డబ్బా కొందాం. చూసినవాడి కళ్లు తిరగాలి.”

“లైట్లు గేము ఆడవు మామయ్యా. చవక పవర్ సప్లై పోతూ పోతూ మిగతా సామాన్లను కూడా వెంట తీసుకుపోతుంది.”

“నాకా చెబుతున్నావు? నా కంప్యూటర్ మిషన్‌లో ఉన్న పవర్ సప్లై ఎక్కడిదో తెలుసా? ఇదే షాపువాడు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నది! ‘సార్, అది చచ్చిపోయింది, మీకెందుకు’ అన్నాడు. చచ్చిందో బతికిందో నా చేతిలో పడ్డాక చూద్దువు గానీ అని ఎత్తుకొచ్చాను. ఇంటికొచ్చి దానికో గ్రాఫిక్స్ కార్డు తగిలించి, అదీ చవకదే, స్విచ్ నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“పేలిందా?” అన్నాడు డ్రైవరు ఆశగా.

“పేలడమా! ఫ్యాను తిరిగింది బాబూ! ఆ గాలికి మా గదిలో పరదా ఎగిరి పై ఇంటివాళ్ల దండెం మీద పడింది, వాళ్ల దుప్పటి వచ్చి మా కిటికీకి పరదా అయి కూర్చుంది. ఈ రోజుకీ అలాగే వాడుకుంటున్నాం, ఇద్దరికీ ఇబ్బంది లేదు.”

అమ్మ నవ్వుతూ తమ్ముడి వైపు మురిపెంగా చూసింది. అమ్మాయికి ఓ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ‘మీ మామయ్యకు చెప్పకే, చిన్నబుచ్చుకుంటాడు’ అని అత్త మరీ మరీ బతిమాలింది గుర్తొచ్చి, టీతో పాటు మింగేసింది.

“మరి గేము ఎలా ఆడింది సార్?” టీ కొట్టాయన గరిటె పట్టుకుని ముందుకొచ్చాడు.

“ఆడడమంటే అదీ ఆట! నేను మీట నొక్కాలని మనసులో అనుకుంటానో లేదో, అక్కడ శత్రువు పడిపోయేవాడు. నొక్కేవరకు ఆగే ఓపిక ఆ మిషన్‌కు లేదు. ఓ రోజు వాడు పడబోతూ పడబోతూ ఇటు తిరిగి, ‘సార్, కనీసం వేలైనా పెట్టండి, నలుగురిలో నా పరువు పోతోంది’ అన్నాడు. జాలేసి ఓ వేలు పెట్టాను.”

“మామయ్యా, ఆట సంగతి సరే. ఆడుతూ లైవ్ పెడితే ఏమవుతుంది? అప్పుడే కదా బరువు పడేది?” అమ్మాయి పట్టు వదల్లేదు.

“అక్కడికే వస్తున్నా. లైవ్ పెట్టాను. అందరి లైవూ కాస్త ఆలస్యంగా వెళ్తుంది కదా, నాది ముందుకు పోయింది! నేను రేపు ఆడబోయే ఆట జనం ఈ రోజే చూసేస్తున్నారు. ఒకాయన కింద రాశాడు, ‘అన్నా, వంతెన దగ్గర కుడికి తిరిగి చచ్చిపోయావు, బాధేసింది’ అని. నేనింకా వంతెన మొహం చూళ్లేదు! మర్నాడు ఎందుకైనా మంచిదని ఎడమకు తిరిగాను, గెలిచాను. పాపం ఆయనకు మతి పోయింది. నిన్న పెట్టిన సంతాపం వెనక్కి తీసుకున్నాడు.”

డ్రైవరు పొలమారి దగ్గాడు. పార్సిళ్ల సంగతి ఎప్పుడో మర్చిపోయాడు.

“అసలుది విను అక్కా. ఓ సాయంత్రం కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటి. నా మిషన్ మాత్రం ఆగలేదు. ఆ వేగం ఉంది చూశావూ, అది ఆగమంటే ఆగేది కాదు. అప్పటిదాకా లోపలికి లాక్కున్న కరెంటు ఎటు పోవాలో తెలీక, వచ్చిన వైరు వెంటే వెనక్కి తిరిగింది. వీధి దీపాలు వెలిగాయి! పక్కింటి మిక్సీ తిరిగింది! కరెంటు ఆఫీసునుంచి లైన్‌మన్ పరుగెత్తుకొచ్చి, ‘సార్, మా ఆఫీసులో కూడా లైటు లేదు, ఓ వైరు ఇటు వేయండి’ అని దండం పెట్టాడు. అదీ తలుపుకు అడ్డం పెట్టిన పవర్ సప్లై! ఇప్పుడు చెప్పు, ఇది చెప్పే ఖరీదైన పవర్ సప్లై అవసరమా?”

“వద్దులేరా,” అంది అమ్మ. కుట్టుపనికి అలిసిన వేళ్లతో సంచి ముడి విప్పడం మొదలుపెట్టింది.

మామయ్య మాత్రం అక్కడితో ఆగితే మామయ్య ఎందుకవుతాడు?

“అన్నట్టు వారం రోజులుగా అది ఇంకా రెచ్చిపోయింది. కొత్తగా ఏమీ కొనలేదు, ఏమీ మార్చలేదు. ప్రేమగా వీపు మీద తట్టానంతే. ఆ పూట నుంచి తెర మీద బొమ్మ వెన్నలా జారుతోంది. మిషన్‌కు మనిషి చెయ్యి తెలుస్తుందక్కా!”

ఎదురుగా షట్టరు గరగరమని లేచింది. అమ్మ డబ్బు తీసి తమ్ముడి వైపు చెయ్యి చాపింది. ఇక ఆగితే అంతా అయిపోతుంది. అత్తా, నన్ను క్షమించు అనుకుని అమ్మాయి లేచి నిలబడింది.

“ఆ చెయ్యి నాది మామయ్యా.”

“ఏమిటే?”

“పోయిన వారం అత్త పిలిచింది. ‘బొమ్మ నత్తలా కదులుతోందని ఈయన పొద్దస్తమానం దాన్ని తిడుతున్నాడు, ఓసారి చూడవే’ అంది. వెనక్కి తిప్పి చూశాను. మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాలి. నువ్వు దాన్ని వదిలేసి, పైన మదర్‌బోర్డుకున్న కన్నంలో పెట్టుకున్నావు. కార్డుకు కంపెనీవాళ్లు తొడిగిన ప్లాస్టిక్ మూతలైనా తీయలేదు. కొన్న రోజు నుంచీ ఆ కార్డు ఊరికే కూర్చునుంది. మూతలు పీకి వైరు మార్చింది నేను.”

టీ కొట్టాయన స్టవ్వు ఆపేశాడు. అమ్మకు సగమే అర్థమైంది. “అంటే ఏంటే?”

“మోటారు మిషను కొని పక్కన పెట్టుకుని, ఇన్నాళ్లూ చేతి సూదితో కుట్టినట్టమ్మా.”

ఆ మాట అమ్మకు బాగా అర్థమైంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తమ్ముణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. “ఒరేయ్, మరి ఆ శత్రువు? ఆ రేపటి ఆట? వీధికి నువ్విచ్చిన కరెంటు?”

మామయ్య గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత మొహం వెలిగిపోయింది.

“అదే కదక్కా నేనూ మొత్తుకుంటున్నది! మూతలు తీయకుండానే వీధంతా వెలిగిందంటే, తీసుంటే ఈ ఊరేమైపోయేది?”

అమ్మ డబ్బంతా కూతురి చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్లు దులుపుకుని లేచింది.

“నిజమేరా తమ్ముడూ. అందుకే ఊరి మేలు కోరి నువ్వీ బెంచీ మీదే కూర్చో. పదవే, ఆ మంచి పవర్ సప్లై ఏదో ముందు దాన్ని చూపించమను.”