ఖాళీ లేని మూల

మరునాడు బాప్తిస్మం తీసుకోబోయే ముసలామెను మదనపల్లె చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి, అయ్యగారు చివరి ప్రశ్న అడిగాడు.

“హృదయమంతా ప్రభువుకు ఇచ్చినావా అమ్మా?”

“ఇచ్చినాను అయ్యగారూ. ఒక్క మూల మాత్రం ఖాళీ లేదు.”

“ఆ మూల ఏముండాది?”

“మా తోడికోడలు గంగులమ్మ ఉండాది. ఎన్నో ఏండ్ల కింద, యుద్ధం మొదలైన ఏడు, నా నల్లకోడిని కూర చేసుకునింది. ఆ పొద్దు నుంచి దానితో మాటల్లేవు.”

“క్షమించి పంపించెయ్యమ్మా.”

“పంపించేస్తే నేనెవుర్ని తిట్టుకునేది? మిగతా ఇల్లంతా ప్రభువుకే ఇస్తినే, ఒక్క మూలకు సర్దుకోడా?”

“సర్దుకోడమ్మా. ఆయనకు ఇల్లంతా కావల్ల.”

ఆమె లేచి తన ఊరు కురబలకోట దారి పట్టింది. ఇక రాదేమోనని అయ్యగారు రాత్రంతా దిగులుపడ్డాడు.

తెల్లవారి ఆమె వచ్చింది. వెనకాలే కళ్లు వాచిన ఇంకో ఆడమనిషి.

“ఈమె ఎవురమ్మా?”

“గంగులమ్మే అయ్యగారూ. రాత్రి పోయి, కోడి సంగతి మరిసిపోయినాను పో అంటి. అది నన్ను పట్టుకోని ఏడ్సి, ‘ఒకటి కాదక్కా, రెండు కోళ్లు’ అనింది.”

“అయ్యో! మరి?”

“రెండో కోడిని క్షమించేదానికి కురబలకోట నుంచి ఈడి దాకా నడవాల్సొచ్చింది. ఇప్పుడే అయిపోయింది, నీళ్లల్లోకి పదండి.”