ఆఖరి తూము మాట మొదట విన్న అధికారి

1969 జూన్ 16, సోమవారం ఉదయం, ఒక రేకుపెట్టె, ఒక గొడుగు చేతపట్టుకుని నిజామాబాదు బస్సు దిగి, శ్రీ హరనాథబాబు గారు మన బాన్సువాడ నీటిపారుదల ఉపవిభాగ కార్యాలయంలో జూనియర్ ఇంజినీరుగా చేరారు. ఆనాటి హాజరు పట్టికలో వారి సంతకం ఎంత నిటారుగా ఉందో, పంతొమ్మిదేళ్ల తర్వాత ఈ నెల ముప్పయ్యో తేదీన పదవీ విరమణ చేస్తున్న వేళ కూడా అంతే నిటారుగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి మరీ రాస్తున్నాను.

చేరిన తొలి ఏళ్లలో వారు కాలువ గట్ల వెంట కాలినడకన తిరిగి, ప్రతి తూమునూ స్వయంగా కొలిచి, ఏ తూము కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయో నోటిలెక్కగా చెప్పగలిగేవారట. పిదప మద్నూరుకు బదిలీ అయి, చెరువుల మరమ్మతులు చేయించారు. అక్కడి కూలీలతో మాట్లాడటానికి మరాఠీ నేర్చుకున్నారు. ఆ మరాఠీ విని కూలీలు నవ్వేవారనీ, నవ్విన రోజున పని ఎక్కువ సాగేదనీ వారే చెప్పేవారు. 1981లో ఉపవిభాగాధికారిగా తిరిగి మన కార్యాలయానికే విచ్చేశారు. మరుసటి ఏడాది నేను ట్రేసరుగా చేరి, వారి పటాలను గుడ్డ మీదికి సిరాతో ఎక్కించే భాగ్యం పొందాను.

1983 చివర, ఆధునిక సంస్థల్లో ఇంజినీర్లకు నాయకత్వం అనే విషయం మీద హైదరాబాదులో ఆరు వారాల శిక్షణకు వారిని ఎంపిక చేశారు. రెండు లావుపాటి నోటు పుస్తకాలతో, ఎంతో ఉత్సాహంతో తిరిగివచ్చారు. మొట్టమొదట నాచేత ఒక పటం గీయించారు. పైన పెద్ద అధికారి గడి, దాని కింద వీరి గడి, అక్కడినుంచి కొమ్మలుగా సెక్షన్లు, అట్టడుగున చిన్న గడుల్లో లష్కర్లు, అంటే తూములు తెరిచి మూసే మన కాలువ సిబ్బంది. ఆజ్ఞలు పైనుంచి కిందికి, నివేదికలు కిందినుంచి పైకి సాగాలని ఏర్పాటు. ఒక్క చుక్క సిరా ఒలకకుండా గీశానని నాకు చెప్పలేనంత సంబరం!

ఆ యాసంగిలో జలాశయంలో నీరు తక్కువ. పై తూముల నుంచి కిందికి వంతులవారీగా నీళ్లు వదలాలని ఆజ్ఞ వెళ్లింది. వంతు సక్రమంగా సాగుతోందని నివేదికలూ వచ్చాయి. అంతా సవ్యంగానే ఉందనుకున్నాం. ఫిబ్రవరిలో ఒకరోజు, తండా దగ్గరి ఆఖరి తూము లష్కరు జేత్యా కార్యాలయానికి వచ్చి, గోడమీది ఆ పటం ముందు ఆగిపోయాడు.

"సార్, గిది ఏ కాల్వ నక్ష?"

"కాలువది కాదు జేత్యా, మన కార్యాలయానిది. ఇదిగో, ఈ అడుగు గడిలో ఉన్నది నువ్వే" అన్నారు హరనాథబాబు గారు.

జేత్యా గీతల వెంట వేలు నడిపించి తల ఊపాడు. "అయితే కాల్వ నక్షనే సార్. పైన తల్లి కాల్వ, నడుమ పిల్ల కాల్వలు, నేను ఆఖరి తూము. ఆఖరి తూముకు ఎన్నడు ముట్టినయ్ సార్ నీళ్లు?"

"ముట్టాయని నివేదికలో ఉందే!"

"గది రాసినాయన మా తండ దాంక రాలే. వరి పొట్టకొచ్చింది. ఎనిమిది దినాలల్ల ఒక్క తడి ముట్టకుంటే ఇగ గడ్డి కోసుకునుడే."

"మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"నన్నెవలడిగిన్రు సార్?"

ఆ మాట వినగానే హరనాథబాబు గారు లేచి, గొడుగు తీసుకుని, జేత్యా వెంట కాలువ గట్టున ఆఖరి తూము దాకా నడిచి వెళ్లారు. అక్కడ జేత్యా రెండెకరాలతో సహా తండావారి నలభై ఎకరాల వరి నెర్రెలు వారిన మడుల్లో నిలబడి ఉంది. మర్నాడు సిబ్బందినందరినీ పిలిచి, "తప్పు నాది. నడవడం మానేసి, చదవడం మొదలుపెట్టాను" అన్నారు. ఆరు రోజులపాటు పై తూములన్నీ మూసి, ఆఖరి తూము నుంచి పైకి వంతు నడపాలని నిర్ణయించారు.

మొదటి తూము కింద ఉన్నది వారి శ్రీమతి సీతారావమ్మ గారి అన్నగారు బసవపున్నయ్య గారి పొలం. దాన్ని మూయడానికి వేరెవరినీ పంపక, జేత్యాను వెంటబెట్టుకుని తామే వెళ్లారు. అప్పుడు జరిగిన సంభాషణను జేత్యా ఈనాటికీ అభినయించి చూపుతాడు.

"ఏం బావా, నిన్ను హైదరాబాదు పంపింది బావ తూము మూయడానికా?"

"నీ మడుల్లో జానెడు నీళ్లున్నాయి బావా. నీది మూస్తేనే రెండో తూము రైతు నా మాట వింటాడు."

"రేపు మా ఇంటికి భోజనానికి ఏ మొహం పెట్టుకుని వస్తావు?"

"ఆకలి మొహం!"

ఆ మొదటి తూము మూతపడ్డాక మిగతావి మూయడానికి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆరోరోజు మధ్యాహ్నం జేత్యా మోకాళ్ల దాకా బురదతో వచ్చి, గుమ్మంలో నిలబడి, "ముట్టినయ్ సార్" అన్నాడు. నేల తుడిచే పోచవ్వ, "గీ బురదేందిరా, ఇప్పుడే కడిగిన!" అని కసిరితే, "ఈ పూటకు ఉండనీ పోచవ్వా, చూడటానికి బాగుంది" అన్నారు హరనాథబాబు గారు. ఆ యాసంగిలో తండావారు గడ్డి కాదు, వడ్లే కోసుకున్నారు. బసవపున్నయ్య గారు మూడు నెలలు చెల్లెలి గడప తొక్కలేదు. నాలుగో నెలలో గంపెడు మొక్కజొన్న పొత్తులతో వచ్చి, "ఆకలి మొహం ఏదమ్మా?" అని అడిగారట.

నాటినుంచి మన సోమవారం సమావేశాల్లో ఆఖరి తూము లష్కరు మొదట మాట్లాడతాడు, అధికారి చివర మాట్లాడతారు. నాచేత పటాన్ని కూడా మళ్లీ గీయించి, లష్కర్ల గడులను పైకి చేర్చారు. నాయకత్వమంటే ఏమిటని ఆ రెండు నోటు పుస్తకాల్లో రాసి ఉందో నాకు తెలియదు. నేను నేర్చుకున్నది మాత్రం ఆ గోడమీద ఉంది. నాకు పెళ్లయి నలభై రోజులైనా కాలేదు, అత్తవారింట్లోనూ ఈ పద్ధతే ప్రవేశపెట్టి, వంట విషయంలో అందరికంటే చిన్నదైన మా ఆడబిడ్డ మాట మొదట వింటున్నాను. మూడు రోజులుగా బెండకాయ వేపుడే తింటున్నాం. మా వారు ఓర్చుకుంటున్నారు!

విరమణానంతరం హరనాథబాబు గారు సేద్యం చేయదలచి, మూడెకరాలు తీసుకున్నారు. కాలువ మొదట్లో మంచి పొలం చూపిస్తామని బసవపున్నయ్య గారు ఎంత చెప్పినా వినక, జేత్యా తూము కిందే తీసుకున్నారు. మొన్న జేత్యా, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, మీ మడికే మొదలు ఇడుస్త" అంటే, "నీ తూము కింద అందరికంటే చివర ఉన్నది ఎవరి మడి?" అని అడిగారు. సోనాబాయిదని తెలిసింది. "అయితే ఆమెది తడిశాక చెప్పు, వస్తాను" అన్నారు.

ఆ వంతు కోసం గట్టుమీద గొడుగు నీడలో కూర్చునే ఓపికను, ఆ గట్టంతా నడిచే కాలిసత్తువను, సీతారావమ్మ గారి తోడులో నిండు ఆయుష్షును వారికి భగవంతుడు ప్రసాదించుగాక. సోనాబాయి మడి తడిసిన ప్రతిసారీ వారి మడి కూడా తడియుగాక!

— శాంతకుమారి, ట్రేసరు
బాన్సువాడ, జూన్ 1988