ఎత్తిన బండి అడుగున

దారికి అడ్డంగా పెట్టిన బళ్ళను ఎత్తుకొచ్చి పడేసే ఆవరణలో బడి వ్యాను డ్రైవరు గొంతు చించుకుంటున్నాడు. అతని వ్యాను ముందు చక్రాలు ఇంకా క్రేనుకే వేలాడుతున్నాయి. క్రేను పెద్దాయన నింపాదిగా టీ తాగుతున్నాడు.

“వీధిలో ఆపొద్దంటే పిల్లల్ని ఎక్కడ దింపను బాబాయ్, నా నెత్తిమీదా?”

“దింపడానికి ఆపితే ఎవడూ ఏమనడు. దింపేశాక అక్కడే పెట్టి తినడానికి పోయావు.”

“తినొద్దా? ఉన్నోళ్ళ కార్లకి ఇంట్లోనే జాగా. ఏ రూలైనా మాలాంటోళ్ళ మీదే పడి ఏడుస్తుంది. గేటు తియ్యి.”

“తీస్తాలే. అరవడం అయిపోతే ఇలా వచ్చి వంగు. ఎత్తినప్పుడు బండి అడుగంతా నాకు కనబడుతుంది. ఆ బ్రేకు పైపు చూడు.”

డ్రైవరు వంగాడు. పగిలిన పైపులోంచి ఆయిల్ బొట్లు బొట్లుగా కారుతోంది. అతను ఒక బొట్టును వేలితో పట్టి చూశాడు.

“సాయంత్రం పిల్లలతో వంతెన దిగాలి బాబాయ్.”

“అందుకే గేటు తియ్యలేదు. మెకానిక్కు వస్తున్నాడు. ఈలోగా ఈ టీ తాగు.”

డ్రైవరు గ్లాసు అందుకున్నాడు.

“నీ మేలు మర్చిపోను. ఆ రూలు మాత్రం దిక్కుమాలిన రూలే.”

“మళ్ళీ అక్కడే పెట్టావంటే మళ్ళీ ఎత్తుకొస్తా.”

“ఎత్తుకురా బాబాయ్. ఎత్తినప్పుడల్లా అడుగు ఓసారి చూసిపెట్టు.”