కపులి వీధి, పద్నాలుగో నంబరు

మున్సిపల్ ఎన్నికల రోజు. పెరూ కొండల్లోని ఓ బడిలో, ఎన్నికల డ్యూటీకి లాటరీలో పేరొచ్చి పోలింగు బల్ల దగ్గర కూర్చున్న నెమేసియా, ముందు నిలబడ్డ కొత్తమనిషి గుర్తింపు కార్డు తిప్పి చూసింది.

“కపులి వీధి, పద్నాలుగు. అక్కడే ఉంటున్నారా?”

“ఆర్నెల్లనించీ ఉంటున్నానమ్మా.”

“తలుపు ఏ రంగు?”

“...నీలం.”

“ఆకుపచ్చ! మొన్న ఈస్టర్‌కి నేనే వేశా. అది నా ఇల్లు!”

అతను గొంతు తగ్గించాడు. “అరవకండమ్మా. మేయరు మళ్లీ గెలవాలని మీ ఆయనే మా కార్డులు ఆ చిరునామాకి మార్పించారు. నా వెనకున్న పదిమందీ మీ ఇంటివాళ్లే.”

ఆమె వరసకేసి చూసింది. ఒక్క ముఖమూ తెలిసింది కాదు.

“జాబితాలో పేరుంది. ఆపే హక్కు నాకు లేదు.” ఓటు చీటీ అతని ముందుకు విసిరింది. “వేసి, సిరాలో వేలు ముంచి, తిన్నగా మా ఆయన దగ్గరికెళ్లు. పదకొండు మందికీ ఆయన్నే వండిపెట్టమను. ఇవాళ్టినుంచి ఆ ఇంట్లో నేనుండను.”