హెడ్లీ బాబాయి డబ్బుకి చేప తాళం

హెడ్లీ బాబాయి నోరు తెరిచాడంటే పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోయేదాకా మూయడని కిటిల్ కోవ్ ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే ఓబెడ్ ముందుగానే కెటిల్‌లో ఇంకో రెండు చెంబుల నీళ్ళు పోసి పెట్టాడు.

మార్చి నెల. న్యూఫౌండ్‌లాండ్ తీరమంతా మంచు గడ్డకట్టి, పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకున్నాయి. వలలు బాగుచేసుకునే కొట్లో పొయ్యి చుట్టూ నలుగురే ఉన్నారు. హెడ్లీ బాబాయి, ఆయన ఈడువాడే ఓబెడ్, మూలన ఉన్ని తొడుగులు అల్లుతూ బాబాయి భార్య వెర్నా పిన్ని, తలుపు దగ్గరి పీపా మీద రస్సెల్. రస్సెల్ ఈ ఊరివాడు కాదు. భార్యకి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే పిల్లలతో సహా ఎక్కడి నుంచో వచ్చి పడ్డాడు. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ చిన్నవాళ్ళకి బాబాయిలూ పిన్నులే కాబట్టి, వచ్చిన వారానికే అతనికీ వరసలు కుదిరిపోయాయి.

రస్సెల్ ఆరోజు కథ వినడానికి రాలేదు. కిందటి నెల హెడ్లీ బాబాయి ఫోన్లో ఏదో పెద్ద పోకర్ పోటీ ఆడతానంటే, చేరే రుసుములో సగం రస్సెల్ పెట్టాడు. గెలిస్తే చెరి సగం. పెట్టిన సాయంత్రమే భార్యకి చెప్పేశాడు, చెప్పకపోతే అతనికి నిద్ర పట్టదు. జన్మలో మొదటిసారీ ఆఖరిసారీ అని కూడా చెప్పాడు. తీరా బాబాయి నిజంగానే మూడో స్థానంలో నిలిచాడు. ఆ సగం వాటా వస్తే పెద్దపిల్ల ఫియోనా పళ్ళకి క్లిప్పులు వేయించొచ్చు. ఆ తీరానికి పళ్ళ డాక్టరు ఏడాదికోసారి వస్తాడు. ఈ గురువారం వస్తున్నాడు. డబ్బు ముందే కట్టాలి, లేదంటే మళ్ళీ వచ్చే ఏడాదే.

"డబ్బు వచ్చిందా బాబాయ్?" అని అడిగాడు రస్సెల్, వీలైనంత మామూలుగా.

అదే పొరపాటైంది.

"డబ్బు వేయడం ఎవడికైనా వస్తుంది అబ్బాయ్," అన్నాడు హెడ్లీ బాబాయి, డబ్బా పాలు కలిపిన టీ కప్పులో ఊదుకుంటూ. "సముద్రంలో రాయి వేసినంత తేలిక. తీయడంలోనే ఉంది పనితనమంతా. నేనేం చేశానూ, వేసేటప్పుడే తీసే సంగతి ఆలోచించాను. మొదట ఒక వాలెట్ చూశాను, ఫోన్లోనే డబ్బు దాచే సంచీ అన్నమాట. పేరు చెప్పను, వాళ్ళూ పిల్లలు గలవాళ్ళే. నిమిషంలో పోతుంది, నిమిషంలో వస్తుంది అన్నారు. సరే కదా అని ఇరవై డాలర్లు వేశాను. వేసినందుకు ఓ ముక్క కొరికారు. ఆ దేశం డాలర్లని ఈ దేశం డాలర్లు చేసినందుకు ఇంకో ముక్క. కొన్నాళ్ళు కదపకుండా ఉంచితే, కదపనందుకు ఇంకో ముక్క. చేపలు కోసే బల్ల మీద పక్షులు వాలినట్టు వాలారనుకో. చివరికి తోక కూడా మిగల్లేదు."

"ఇంతదాకా చెప్పింది నమ్మొచ్చు," అన్నాడు ఓబెడ్.

"ఆగరా, ఇంకా మొదలే పెట్టలేదు. రెండో వాలెట్ వాళ్ళు మర్యాదస్తులు. కాకపోతే మనిషిని చూడాలన్నారు. గుర్తింపు కార్డు ముఖం పక్కన పట్టుకుని ఫొటో పంపమన్నారు. పంపాను. ఏమన్నారో తెలుసా? అయ్యా, మీరు ఆ కార్డులో మనిషి కాదు, ఇరవై ఏళ్ళు చిన్నగా ఉన్నారు అన్నారు."

"ఆ కార్డు తీయించుకుంది కిందటి ఏడే కదరా."

"అదే వింత. మళ్ళీ పంపాను, మళ్ళీ అదే మాట. వాళ్ళకేమో నిద్ర పట్టలేదు. ఇంత వయసులో ఇంత నిగారింపు ఏమిటని, మనిషినే పంపించారు హెలికాప్టర్లో. ఇదిగో, ఈ గుమ్మం ముందే దిగాడు. నన్ను ఎదురుగా చూశాడు, కార్డు చూశాడు, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. సరేలే దూరం నుంచి వచ్చావు, తిని పో అన్నాను. వెర్నా చేతి కాడ్ చేప వేపుడు తిన్నాడు. తిని ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు అవతలి రేవులో చేపలు పడుతున్నాడు."

"అవతలి రేవులో నాకు తెలియనివాడెవడు?"

"వాడికి సిగ్గెక్కువ. బయటికి రాడు."

వెర్నా పిన్ని సూదులు ఆగలేదు. 'ఊఁ' అని మాత్రం ఒక చిన్న చప్పుడు చేసింది. అది ఒప్పుకోవడమో కాదో ఎవరికీ తెలియదు.

రస్సెల్ పీపా మీద అటు నుంచి ఇటు సర్దుకున్నాడు. "మరి చివరికి ఏది ఎంచుకున్నారు బాబాయ్? వాలెట్టా, బ్యాంకా?"

"అక్కడికే వస్తున్నా. ఈలోగా నేను గెలిచాను. ఎనిమిది వందల మంది ఆటగాళ్ళు."

"మొన్న నాలుగు వందలన్నావు."

"మొన్న చెప్పింది ఈ తీరం వాళ్ళని మాత్రమే. మొత్తం లెక్క వేస్తే ఎనిమిది వేలు, చైనావాళ్ళని కలపకుండా. ఆ సొమ్ము చూసి టొరొంటోలో పెద్ద బ్యాంకు మేనేజరు, స్నానం మధ్యలో లేచి వచ్చి ఫోన్ చేశాడు. ఫోన్లోనే నీళ్ళు కారుతున్న చప్పుడు వినపడుతోంది. 'హెడ్లీ గారూ, దయచేసి మా బ్యాంకుకి తెప్పించకండి, మా నేల ఆగదు, కింద ఇంకో నాలుగు స్తంభాలు లేపాలి' అన్నాడు. నాకు జాలేసింది. సరే, ఇంకెక్కడికైనా తెప్పించుకుంటాలే, నువ్వెళ్ళి ఒళ్ళు తుడుచుకో అన్నాను. మరి డబ్బు అప్పటికే బయల్దేరిపోయింది కదా, ఎలా వచ్చిందో చెప్పుకోండి చూద్దాం. సముద్రం అడుగున కేబుల్లోంచి. అంత సొమ్ము ఒక్కసారి దూరేసరికి కేబుల్ ఇంత లావున ఉబ్బింది, పందిపిల్లని మింగిన పాములాగ. వేడెక్కింది కూడాను. కాడ్ చేపలన్నీ వచ్చి దానికి వీపు ఆనించి చలికాచుకున్నాయట. దాని పైన మంచు కరిగింది. పొద్దున రేవు మధ్యలో గీత గీసినట్టు నీళ్ళు కనపడలేదూ?"

"మంచు పగలగొట్టే ఓడ వెళ్ళింది పొద్దున."

"ఆ ఓడని ఎవరు పిలిపించారనుకున్నావు? కేబుల్ చల్లార్చడానికి."

ఓబెడ్ పొయ్యిలో కట్టె వేశాడు. రస్సెల్‌కి నవ్వు వచ్చింది, నవ్వు వెనకే గురువారమూ గుర్తొచ్చింది.

"అయితే ఏ బ్యాంకుకి వచ్చింది బాబాయ్?"

"మన పరపతి సంఘానికే. అవతలి ఒడ్డున ఉన్నదానికే. అక్కడ కిటికీలో కూర్చునే పిల్లని బారసాల నాడు నేనే ఎత్తుకున్నాను. వాలెట్లు కొరుకుతాయి, పెద్ద బ్యాంకులు వణుకుతాయి, పరపతి సంఘం మాత్రం మనిషిని చూసి పలకరిస్తుంది. అందుకని అక్కడికే పంపించమన్నాను, ఫోన్ మీదకి. వచ్చేసింది అబ్బాయ్. గుమ్మంలో నిలబడి ఉంది. తలుపు తీయడమే తరువాయి."

"తీయకూడదూ మరి?"

హెడ్లీ బాబాయి కప్పు కింద పెట్టాడు. అంతసేపట్లో ఆయన మొదటిసారి తడుముకున్నాడు.

"దానికి ఒక ప్రశ్న తాళం ఉంది. దారిలో దొంగలు పడకుండా. అక్టోబర్లో పోకర్ ఖాతా తెరిచినప్పుడే ప్రశ్నా జవాబూ మనల్నే పెట్టుకోమంటారు. అందరూ కుక్క పేరు పెట్టుకుంటారు. ఈ ఊళ్ళో ఎవడి కుక్క పేరు ఎవడికి తెలియదు? నేను తెలివిగా వేరే పెట్టాను." ఫోన్ తీసి వెలుతురుకి పట్టుకుని చదివాడు. "హెడ్లీ బ్రిన్సన్ గల్ రాక్ దగ్గర పట్టిన హాలిబట్ చేప బరువెంత?"



"ఎంతని కొట్టావు?" అన్నాడు ఓబెడ్.

"మూడు వందల పది పౌన్లు. కాదంది. ఫోనుకి చేపల సంగతి ఏం తెలుసని రెండు వందల ఎనభై కొట్టాను. అదీ కాదంది. ఇంకొక్కసారే కొట్టనిస్తుందట."

"తప్పితే?" అన్నాడు రస్సెల్.

"డబ్బు వెనక్కి పోతుంది. పోతే మళ్ళీ కార్డు పంపాలి, ముఖం పంపాలి, కరెంటు బిల్లు పంపాలి. ఎండాకాలానికల్లా వచ్చేస్తుందిలే."

ఓబెడ్ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "క్రిస్మస్‌కి మూడు వందల పది. దానికి ముందు మా అబ్బాయి పాల్ పెళ్ళిలో రెండు వందలు. నాకు మొట్టమొదట చెప్పినప్పుడు ఎనభై. అది పెరిగే చేప, దాన్ని పట్టుకోవడం కష్టం. అక్టోబర్లో ఎంతుందో చర్చిలో పాదిరిగారిని అడగాలి, ఆయనకీ చెప్పే ఉంటావు."

రస్సెల్ మూలకి చూశాడు. వెర్నా పిన్ని తల వంచుకుని అల్లుతోంది. ఆ చేప పడిన రోజు పడవలో ఇద్దరే ఉన్నారని ఊరందరికీ తెలుసు. ఒకరు హెడ్లీ బాబాయి. రెండోవారిని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అడగకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. ఊరికే అడగలేదు, అంతే.

తాము ఈ ఊరు వచ్చిన మొదటి చలికాలం అతనికి గుర్తొచ్చింది. తెలిసిన ముఖం ఒక్కటి లేని ఇంట్లో పిల్లలు కిటికీ దగ్గర కూర్చుని ఉండేవాళ్ళు. ఒకరోజు హెడ్లీ బాబాయి ఉప్పుచేప ఒకటి పట్టుకొచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి ఆ హాలిబట్ కథ చెప్పాడు. పడవని అది మూడు ఊళ్ళు ఈడ్చుకెళ్ళిందని చెప్పేటప్పటికి ఫియోనా నవ్వింది. ఎత్తుపళ్ళని ఎప్పుడూ అరచేత్తో కప్పుకుని నవ్వే పిల్ల, ఆరోజు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. ఇప్పుడు ఆ పళ్ళు సరిచేయించడానికి ఆ కథలోని చేపనే చంపాలి.

 గురువారం ఎంతో దూరం లేదు.

"పిన్నీ," అన్నాడు. "ఆరోజు పడవలో మీరున్నారు కదా?"

"ఆవిడ వెనక వైపు కూర్చుంది," అన్నాడు హెడ్లీ బాబాయి వెంటనే. "అటు తిరిగి. పైగా పొగమంచు."

వెర్నా పిన్ని అల్లికలో వరస పూర్తిచేసి, సూదులు ఒళ్ళో పెట్టుకుంది. "చెప్పనా?" అంది మొగుడితో.

"చెప్పుకో. నువ్వు చెప్పినంత మాత్రాన ఫోను ఒప్పుకోదు."

ఆవిడ చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని, ఒక్క వేలితో, చొక్కాకి బొత్తాం కుట్టినంత నిదానంగా కొట్టింది. ఫోన్ టింగుమంది. డబ్బు పరపతి సంఘంలో పడిందని తెర మీద వచ్చింది.

 

"ఎంత కొట్టావు వెర్నా?" అన్నాడు ఓబెడ్, ముందుకి వంగి.

"పదకొండు."

"నూట పదకొండా?"

"పదకొండు. తలకాయతో కలిపి. ఆ రాత్రే వేయించాను. ఇద్దరం తింటే పిల్లికి కూడా మిగల్లేదు." ఆవిడ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "ఖాతా తెరిచేటప్పుడు నా పక్కనే కూర్చుని, వెర్నా ఆ చేప ఎంతుంటుందే అని అడిగాడు. చెప్పాను. బ్యాంకు పని ధ్యాసలో ఉన్నాడేమో, చెప్పింది చెప్పినట్టే కొట్టేశాడు."

ఓబెడ్ నవ్వడానికి నోరు తెరిచాడు. హెడ్లీ బాబాయి ముఖం చూసి, నవ్వుని టీతో పాటు మింగేశాడు. అరవై దాటిన మనిషి పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాడు. హెలికాప్టర్లు, కేబుళ్ళు, ఒళ్ళు తుడుచుకోని మేనేజర్లు ఎటు పోయారో పోయారు.

"పొగమంచు ఉంది," అన్నాడు చివరికి, ఎవరితోనూ కాదన్నట్టు.

"ఉంది," అంది వెర్నా పిన్ని, మళ్ళీ సూదులు అందుకుంటూ. "అది మాత్రం నిజం."

"నీ వాటా పంపుతాను ఆగు అబ్బాయ్," అన్నాడు బాబాయి. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు కొట్టాడు. ఒక వాటా పంపడానికి అంతసేపు ఎందుకో రస్సెల్‌కి అర్థం కాలేదు. తన జేబులో ఫోన్ మోగాక అర్థమైంది. డబ్బు వచ్చింది. దానికీ ఒక ప్రశ్న తాళం ఉంది.

హెడ్లీ బ్రిన్సన్ గల్ రాక్ దగ్గర పట్టిన హాలిబట్ చేప బరువెంత?

రస్సెల్ తల ఎత్తి చూశాడు. హెడ్లీ బాబాయి మాత్రం కెటిల్‌ని ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

రస్సెల్ పదకొండు కొట్టాడు. ఉన్నది ఉన్నట్టు రాయడమే అతనికి తెలుసు. ఫోను కాదంది.

ఆదాయపన్ను కాగితంలో ఒక్క అంకె కూడా అటూ ఇటూ చేయని మనిషి, కాసేపు ఆ తెర మీద వేలు ఆడించాడు. అరచెయ్యి అడ్డం లేకుండా నవ్వే ఫియోనాని తలుచుకున్నాడు. మెల్లగా ఇంకో సంఖ్య కొట్టాడు. ఫోన్ టింగుమంది.

ఓబెడ్ వదల్లేదు. "నీ నోట అబద్ధం రాదు కదా రస్సెల్, నువ్వు చెప్పు. దేనికి తెరుచుకుంది?"

మూలన సూదులు ఆగాయి. హెడ్లీ బాబాయి కెటిల్ మీంచి చూపు తిప్పలేదు గాని, చెవులు ఇటే ఉన్నాయి.

"మూడు వందల పదికి," అన్నాడు రస్సెల్, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "తలకాయ లేకుండా."