మీసాలాయన

ఇలా రా తల్లీ, ఈ పక్కకొచ్చి కూర్చో, ఆ చెవి నాకు సరిగ్గా పనిచెయ్యదు. మీ తాత గురించా? మీకు తాత, నాకు బావ. మా అక్క మొగుడు. ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటావు? మిలటరీలో లారీ తోలేవాడని నీకు తెలుసుగా. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, కింద మంచు. ఆ కబుర్లు చెప్పు బావా అంటే, "ఏముందిరా, ఎక్కడం, దిగడం" అని తేల్చేసేవాడు. బూట్లు పాలిష్ చెయ్యమను, ఒళ్ళు మరిచిపోయేవాడు. ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదివీ వరండాలో వరసగా పెట్టి, పనిలోపనిగా నావీ లాక్కుని, మొహం కనిపించేదాకా రుద్దేవాడు. సోమవారం మా ఆఫీసులో నాకేదో ప్రమోషన్ వచ్చిందనుకునేవాళ్ళు. సరే, ఎక్కడున్నాను?

ఆఁ, మీ అమ్మ. మీ అమ్మ పుట్టినప్పుడు బావ ఇంట్లో లేడమ్మా. యుద్ధం వచ్చింది, సెలవులు లేవన్నారు. అది అయిపోయిందనుకునేసరికి ఎక్కడో మంచులో బండి ఆగిపోయి, కాలివేళ్ళు పోగొట్టుకుని ఆసుపత్రిలో పడ్డాడు. ఆయన ఇంటికొచ్చేసరికి పిల్లకి మాటలన్నీ వచ్చేశాయి. మామూలు మాటలా, వచ్చినవాణ్ణి వచ్చినట్టు గుమ్మంలో నిలబెట్టి కడిగేసేది. మా అక్క దానికి గోడమీది ఫోటో చూపించి, అదిగో మీ నాన్న, అదిగో మీ నాన్న అని పెంచింది. ఆ ఫోటో పెళ్ళికి ముందుది. నున్నటి మొహం, నిండు బుగ్గలు. మరి వచ్చినాయనో? చిక్కి సగమై, నల్లగా కమిలిపోయి, కుంటుకుంటూ, మొహాన గుబురు మీసాలు. పిల్ల తలుపు ఓరగా తీసి చూసి, "అమ్మా, ఎవరో మీసాలాయన. నాన్న ఇంట్లో లేడని చెప్పనా?" అంది. నేనప్పుడు వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి, కళ్ళారా చూశాను. ఈయనే మీ నాన్న అంటూ మా అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలీదు. పిల్ల ఫోటో వంక చూసింది, ఆయన వంక చూసింది, కాదు అంది. అంతే, తీర్పైపోయింది.

మర్నాడు బావ మీసం తీసేశాడు. ఎంత ముద్దుగా పెంచుకున్న మీసమనుకున్నావు. నున్నగా గీసుకుని ఫోటో పక్కన నిలబడి ఇప్పుడు చూడమ్మా అన్నాడు. పిల్ల గుక్కపట్టి ఏడుపు, ఇంట్లోకి ఇంకోడొచ్చాడని. మేం పడీ పడీ నవ్వాం, బావా నవ్వాడు. ఆ తర్వాత పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడులే. మీసం మళ్ళీ పెంచాడు. కనీసం తెలిసిన మనిషన్నా అవుతాడు కదా మరి.

ముందుగదిలో చేతుల కుర్చీ ఒకటుండేది. ఎవరు కూర్చోబోయినా, అది మా నాన్నది, లే అనేది పిల్ల. నన్ను లేపింది, అద్దె వసూలుకొచ్చిన ఇల్లుగలాయన్ని కూడా లేపింది. బావ కూర్చోబోతే చేతులు బార్లా చాపి అడ్డం నిలబడింది. ఆయన సరేనమ్మా అని గోడకి జేరబడి నేలమీద కూర్చున్నాడు. అది మొదలు నెలల తరబడి నేలే. ఆ కాలితో లేవాలంటే గోడ పట్టుకోవాలి, తెలుసా. మా అక్కకి ఒళ్ళు మండిపోయింది. దాని వీపు మీద రెండిస్తే సరి, మనింట్లో నేలమీద కూర్చునే ఖర్మేంటి మీకు అని సాధించేది. బావ ఒకటే మాటన్నాడు. "ఊరుకోవే. అది కాపలా కాస్తున్నది ఎవరి కుర్చీకి? నా కుర్చీకే కదా." 

నేలమీద కూర్చోడం ఒకందుకు మంచిదే అయింది, పిల్ల ఎత్తుకి సరిపోయాడు. మెల్లగా వచ్చి పక్కన చేరింది. మా నాన్న నీకు తెలుసా అని అడిగింది. తెలుసు, ఇద్దరం ఒకే బండి తోలేవాళ్ళం అన్నాడు. అబద్ధమనడానికి లేదు చూడు. ఇంక రోజూ అదే. మా నాన్న గురక పెడతాడా? మా నాన్నకి చీకటంటే భయమా? చాలా భయం, భయమేసినప్పుడల్లా నీ పేరు పైకి అనుకునేవాడు అన్నాడు. నాకు చెప్పని మంచు కబుర్లన్నీ దానికి చెప్పాడు. పక్కగదిలో పేపరు అడ్డం పెట్టుకుని నేనూ విన్నాననుకో.

ఇంతలో మిలటరీలో పైవాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. బండి తోలక్కర్లేదు, డిపోలో కూర్చుని కొత్తవాళ్ళకి నేర్పితే చాలు, హోదా పెంచుతామన్నారు. బావ వెళ్దామనే అనుకున్నాడు. నాతో అన్నాడు, "దానికి నేను చుట్టాన్నిరా. చుట్టం ఎన్నాళ్ళుంటాడు?" అని. రెండ్రోజులు ఇంట్లో మా అక్క గిన్నెలే మాట్లాడాయి. ఆయన పెట్టె సర్దుకుంటుంటే పిల్ల వచ్చి నిలబడి, మా నాన్న వస్తున్నాడా అంది. ఎందుకమ్మా అలా అడిగావు అన్నాడు. ఆయనొస్తే నువ్వు వెళ్ళిపోవాలి కదా, అందుకు సర్దుకుంటున్నావా అంది. బావ సర్దడం ఆపేశాడు. అది కాసేపు ఆలోచించి, ఆయన వేలు పట్టుకుని ముందుగదిలోకి లాక్కొచ్చింది. "ఇందులో కూర్చో. నాన్నొస్తే నేను చెప్తాలే. ఇద్దరూ సర్దుకోండి" అంది.

కూర్చున్నాడు. లోయ పక్కన బండి మలుపు తిప్పేవాడు స్టీరింగు ఎలా పట్టుకుంటాడో, అలా పట్టుకున్నాడు ఆ కుర్చీ చేతులు. కళ్ళంట నీళ్ళు ధార కట్టాయి. పిల్ల కంగారుపడి, ఏమైంది, మేకు గుచ్చుకుందా అంది.

ఇంకెక్కడికి వెళ్తాడు. పెట్టె అటకెక్కింది, ఈయన స్కూలు బస్సు ఎక్కాడు. పాత స్నేహితులు నవ్వారు, యుద్ధంలో బండి తోలినవాడివి, పిల్లల బండి తోలతావా అని. అక్కడి సామాను నోరెత్తేది కాదురా, ఇక్కడి సామాను పాటలు పాడుతుంది అన్నాడు. రిటైరయ్యేదాకా అదే సీటు. మా అక్క మంచాన పడ్డప్పుడు జడ కూడా ఆయనే వేసేవాడు, తాడు పేనినట్టు. తల లాగేస్తోందయ్యా అని అక్క తిడుతూనే కూర్చునేది.

ఇవన్నీ మీ అమ్మకి తెలీవు, మరీ చిన్నది కదా, మర్చిపోయింది. కాస్త పెద్దయ్యాక ఎదురింటి టైలరమ్మ ఒకసారి దాంతో, నువ్వు మీ నాన్నని నేలమీద కూర్చోబెట్టావే అని మొదలెట్టబోతే, బావ అడ్డం పడ్డాడు. "లేదమ్మా, నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసుకుంది" అన్నాడు. అక్కడితో ఆగాడా, తర్వాత నలుగురిలోనూ అదే చెప్పాడు. తెలిస్తే పిల్ల బాధపడుతుందని. పోయేదాకా అదే మాట మీదున్నాడు. మేమూ అదే పాట పాడాం. నువ్వు కూడా కడుపులో పెట్టుకో.

నాన్నా అని ఎప్పుడు పిలిచిందంటావా? అది పెద్ద ముహూర్తమేం కాదు తల్లీ. వర్షం పడుతోంది, బడికి టైమైపోతోంది, గుమ్మంలో నిలబడి, "గొడుగేది నాన్నా?" అంది. ఉత్తినే, రోజూ అనే మాటలాగా. గొడుగు ఆయన చేతిలోనే ఉంది. దాన్ని వెనక్కి దాచేసుకుని, ఏంటమ్మా, వినపళ్ళేదు అన్నాడు. అది మళ్ళీ అంది. మళ్ళీ వినపళ్ళేదన్నాడు. మీకేమన్నా చెవుడా అని మా అక్క వంటింట్లోంచి కసిరితే, నువ్వుండవే అని, పిల్ల ముందు వంగి, మళ్ళీ ఒక్కసారి...

ఆఁ, వచ్చావా అమ్మాయ్? ఏం లేదు, నీ కూతురితో ఊరికే కబుర్లు. ఈ ఫ్యానేంటమ్మా, టకటకా కొట్టుకుంటోంది, ఎవరికన్నా చూపించకూడదూ?