పాము ఆటలో నా స్కోరు

నాకు అన్నిటికన్నా భయం, చేపల చెరువు మధ్యలో మా ఆయనకు ఫిట్స్ రావడం. అందుకే ఇక పడవ ఎక్కనని, గట్టు మీద పాకలో కాపలా మాత్రమే ఉంటానని ప్రార్థన చేసి మాటిచ్చారు. ఏలూరు నుంచి భీమడోలు వెళ్లే బస్సులో మా ఆడపడుచును అడిగాను.

"వదినా, మీ తమ్ముడు పాకలో రోజంతా ఏం చేస్తున్నారంటారు?"

"సెల్లులో పాము ఆట. తిని తిని పొడుగై, తన ఒళ్లే తనకి తగిలి చచ్చే పాము! అదీ ఓ ఆటేనా?"

"మంచి ఆటేనండీ. కూర్చున్నచోటే ఆడుకోవచ్చు. ఆడమని నేనే చెప్పాను."

"మరింకేంటమ్మాయ్ నీ బాధ?"

"ఆదివారం గుడిలో ఆరాధన అయి వచ్చాక నేనూ ఆడాను. ఎప్పుడూ ఆడనిదాన్ని, పామును గోడలకి గుద్దించేశాను. నిన్న చూస్తే పెద్ద స్కోరు ఇంకా నాదే. రోజూ ఆడే మనిషి ఒక్కసారైనా దాటరా?"

"వాడి వేళ్లు మొద్దులే."

"వల అల్లే వేళ్లండీ అవి."

"అబ్బా, నీకన్నీ అనుమానాలే!"

"ఆయన చొక్కా జేబులో చేపల మేత తవుడు తడిసి గట్టిపడి ఉంది. మేత బస్తాలు చెరువు మధ్య కర్రలకి కట్టాలంటే పడవ ఎక్కాలి కదండీ?"

ఆమె ఒళ్లోని సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

"మీకు తెలుసు కదా వదినా?"

"లే, లే. మన స్టాపు వచ్చింది."

"ఇది గుండుగొలనండీ. మనం దిగేది భీమడోల్లో."

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. కొల్లేటికోట వైపు వెళ్లేవారెవరైనా ఇది చదివితే, చెరువు గట్టు మీది పాక దగ్గర ఆగి మా ఆయన్ని "నెల్సన్" అని ఒకసారి పిలవండి. పలక్కపోతే నీళ్ల వైపు చూడండి.